తిన్నవా పటేలా?

కాల్‌సెంటర్లలో చెవులకు గొట్టాలు తగిలించుకుని పనిచేసే ఇప్పటి పిల్లలను చూస్తే నాకు చెప్పలేనంత ముచ్చట, కొంచెం జాలి కూడా. మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. పనికిరాకపోతే నవ్వుకోండి. గుర్తొచ్చినప్పుడల్లా నేను నవ్వుతూనే ఉన్నాను. వంటింట్లో నవ్వాను, బస్సులో నవ్వాను, మొన్న డాక్టరు బీపీ చూస్తుంటే ఆపుకోలేక నవ్వాను. ఆయన మళ్ళీ మొదటినుంచి చూడవలసి వచ్చింది.

నాది కారుణ్య నియామకం. కరెంటు శాఖలో పనిచేస్తూ మా నాయిన పోతే ఆయన బదులు నన్ను తీసుకున్నారు. ఆర్డరు కాగితం మీద కరుణ అని అచ్చువేసి ఉంది కానీ, నన్ను కూర్చోబెట్టిన కుర్చీకీ కరుణకూ ఏ సంబంధమూ లేదు. షామీర్‌పేట దగ్గర ఒక సెక్షన్ ఆఫీసు. ఒక పక్క సబ్‌స్టేషన్ పొద్దంతా గుయ్యిమంటూ ఉంటుంది, ఇంకో పక్క రేకుల కప్పు కింద మా గది. గదిలో ఒక నల్ల ఫోను. కరెంటు పోయిన ప్రతివాళ్ళూ ఆ ఫోనుకే చేస్తారు, ఎత్తవలసింది నేను. తొంభైలలో ఎండాకాలం ఎట్లా ఉండేదో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళను అడగండి. త్రీఫేజు కరెంటు కాసేపు వస్తే గొప్ప, బోర్ల మోటార్లు కాలిపోతే మామూలు. ద్రాక్షతోటల వాళ్ళు, కూరగాయల వాళ్ళు, కోళ్ళఫారాల వాళ్ళు, అందరి కోపానికీ ఆ తీగ చివర నా చెవి ఉండేది.

అందరి తిట్లూ ఒక ఎత్తు, పటేలు తిట్లు ఒక ఎత్తు.

కరీంనగర్ రోడ్డు మీదినుంచి లోపలికి పోయే ఒక ఊరు ఆయనది. పొద్దున నేను కుర్చీలో కూర్చోవడమే ఆలస్యం, ఫోను మోగేది. "ఏ ఫోనమ్మా! మీ ఆఫీసుకు తాళంబడ! మీ తీగలకు మన్నుబడ! రాత్రి ఇస్తనన్న కరెంటు యాడికి వాయె?" అని మొదలుపెట్టేవాడు. ఆ గొంతు ఫోనులోంచి రావడం కాదు, గోడలోంచి వచ్చినట్టు ఉండేది. రిసీవరు మూరెడు దూరం పెట్టినా గదిలో అందరికీ వినబడేది. ఆయనను ఎన్నడూ చూడలేదు కానీ, తలుపు పట్టనంత మనిషి, చెవులదాకా మీసాలు, చేతిలో కర్ర, ఇట్లా నా మనసులో ఒక బొమ్మ గట్టిపడిపోయింది. నేనూ తక్కువ తినలేదు. "నన్నడిగితే ఏం లాభం, పైన అడుగు పో" అని టక్కున పెట్టేసేదాన్ని.

అట్లాంటి రోజుల్లో పైఆఫీసునుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. జనంతో దయగా, ఓపికగా మాట్లాడటం ఎట్లాగో శిక్షణ ఇస్తారు, సెక్షనుకు ఒకరిని పంపండి అని. మా ఇంజనీరుగారు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు, చాలా తొందర మనిషి. తల ఎత్తకుండానే నా పేరు రాసేశారు. మా లైన్‌మన్ అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దయ నేర్పుతరంట! నాకు పోయినేడు నిచ్చెన ఎక్కుడు నేర్పిన్రు చెల్లె. నేర్చుకోని వస్తె ఆఫీసుల నిచ్చెన లేదు. నువ్వు గూడ నేర్చుకోని రా, ఈడ దయ ఉంటదో ఉండదో చూద్దాం."

క్లాసులు యాప్రాల్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో పెట్టారు. మా ఇల్లూ అక్కడే కాబట్టి చక్కగా ఇంటి భోజనం దొరుకుతుందని సంబరపడి వెళ్ళాను. చెప్పడానికి వచ్చింది ఒక రిటైర్డు డాక్టరమ్మ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని, చీర కొంగు నడుముకు బిగించి, కబడ్డీ ఆడించడానికి వచ్చినట్టు నిలబడింది.

"దయ అంటే పుట్టుకతో వచ్చే గుణం అనుకుంటున్నారా? కాదు. కసరత్తు. మీ మెదడు ఏది రోజూ చేస్తే అది దానికి సులువవుతుంది. ఫోను మోగగానే మీకు కోపం వస్తోందంటే, మీరు చెడ్డవాళ్ళని కాదు, ఏళ్ళ తరబడి అదే సాధన చేశారని. ఇంకోటి సాధన చేయండి, అదీ వస్తుంది" అంది.

కళ్ళు మూసుకోమంది. ముందు మన మంచి మనమే కోరుకోవాలట. తర్వాత మనకు ప్రాణమైన వాళ్ళ మంచి, ఆ తర్వాత ముక్కూమొహం తెలియని వాళ్ళ మంచి. చివరికి, ఎవరిని తలుచుకుంటే పళ్ళు బిగుసుకుంటాయో వాళ్ళ మంచి. ఏ మాటలతో కోరుకోవాలి అని ఎవరో అడిగితే, మీ ఇంట్లో మాటలతోనే అంది. నాకు మా అవ్వ దీవెన గుర్తొచ్చింది. సల్లగుండాలె, కడుపు నిండ తినాలె, కంటి నిండ నిద్రపోవాలె. అదే పట్టుకున్నాను.

పళ్ళు బిగుసుకునే మనిషి దగ్గరికి వచ్చేసరికి హాల్లో అందరూ తమ పైఅధికారులనే తలుచుకున్నారని ఒక కన్ను తెరిచి ఆ మొహాలు చూస్తే తెలిసిపోతోంది. నాకు పటేలు తప్ప ఇంకెవరు? చెయ్యెత్తి అడిగాను. "మేడమ్, నేను ఆయన్ని చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు."

"గొంతు చాలు" అంది డాక్టరమ్మ. "ఫోను మోగినప్పుడు వెంటనే ఎత్తకు. ఒక్క క్షణం ఆగి, అవతల ఎవరున్నా వాళ్ళ మంచి కోరుకో. తర్వాత ఎత్తు."

ఆఫీసుకు తిరిగొచ్చి పట్టుదలగా మొదలుపెట్టాను. మొదటి పొద్దే కొంప మునిగింది. ఫోను మోగింది, కళ్ళు మూసుకున్నాను, మనసులో అనుకోవలసింది అలవాటు లేక, రిసీవరు ఎత్తాక పైకే అనేశాను. "సల్లగుండాలె, కడుపు నిండ తినాలె, కంటి నిండ నిద్రపోవాలె."

అవతలనుంచి మా డివిజను పెద్ద ఇంజనీరుగారి గొంతు చిన్నగా వినిపించింది. "ఏమ్మా, నేను ఆఫీసులో నిద్రపోతున్నానని నీకెవరు చెప్పారు?"

లైన్‌మన్ అన్న గదిలోంచి బయటికి ఉరికి, సబ్‌స్టేషన్ గోడకు ఆనుకుని కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

మర్నాడు పటేలు ఫోను చేసినప్పుడు జాగ్రత్త పడ్డాను. మనసులోనే అనుకుని, ఊపిరి పీల్చుకుని ఎత్తాను. ఆయన "ఏ ఫోనమ్మా" అనేలోపలే అడిగాను.

"చెప్పు పటేలా. పొద్దున తిన్నవా?"

"ఎవరు మాట్లాడేది?" అన్నాడు అనుమానంగా, ఠపీమని పెట్టేశాడు. మళ్ళీ మోగింది.

"కరెంటాఫీసేనా?"

"అవును పటేలా."

"మరి తిన్నవా అని ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే. ఇంత పొద్దుగాల్ల ఫోన్ చేసినవ్ గద, తిన్నవో లేదో అని."

"అంటే కరెంటు ఇచ్చేది లేదన్నట్టు! గిది కొత్త మోసమా? ఇన్నేండ్లు తిట్టి పెట్టేసేటిదానివి, ఇగ ముద్దుజేసి పెట్టేస్తవా?" అని ఎన్నడూ లేనంత గట్టిగా అరిచాడు. అంతకుముందు కరెంటు మీదే కోపం, ఇప్పుడు నా మంచితనం మీద కూడా కోపం. దయకు ఇన్ని తిట్లు పడతాయని డాక్టరమ్మ చెప్పలేదు.

అయినా వదల్లేదు. మొండితనంలో మా ఇంట్లో నాకు పేరుంది. రోజూ ఆగడం, అనుకోవడం, ఎత్తడం. కొన్నాళ్ళకు ఒక వింత జరిగింది. తిట్లు అవే, కానీ వాటి వెనక ఉన్న చప్పుళ్ళు నాకు వినబడటం మొదలైంది. ఇంతకాలం నా కోపమే చెవుల్లో హోరుమనేది కాబోలు. పటేలు వెనక బర్రె అరుస్తోంది, ఎవరో దగ్గుతున్నారు, ఎవరో గుసగుసలాడుతున్నారు. ఒకరోజు ఆయన మాంచి ఊపు మీద తిడుతూ తిడుతూ ఆగి, ఫోను పక్కకు పెట్టి, "ఇంకేం జెప్పాలెరా?" అని ఎవరినో అడిగాడు. వెనకనుంచి ఒక ఆడగొంతు స్పష్టంగా వినిపించింది. "బీన్సు ఎండుతున్నయని చెప్పు పటేలా. నా మోటరు సంగతి అసలే జెప్పలే నువ్వు."

నాకు నవ్వాగలేదు. "ఎవరు పటేలా వెనక?" అన్నాను.

ఆయన గొంతు మొదటిసారి కిందికి దిగింది. "ఊరోళ్ళు. ఊర్ల ఫోను నా ఒక్కనింట్లనే ఉన్నది. తెల్లారకముందే వచ్చి నా అరుగు మీద కూసుంటరు. ఒకాయనది మోటరు, ఒకామెది మడి, అందరి తిట్లు నేనే తిట్టాలె. నాకేమన్న సరదానా బిడ్డా? గొంతు వోతున్నది. రాత్రి మిరియాల పాలు తాగి పండుకుంటున్న."

ఇన్నేళ్ళుగా నన్ను తిట్టింది ఒక మనిషి కాదు, ఒక ఊరు. ఆ ఊళ్ళో ఫోను లేని, మాట చెల్లని వాళ్ళందరి తరఫున ఒక పెద్దమనిషి మిరియాల పాలు తాగి మరీ తిడుతున్నాడు. నాకు ఆయన మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. ఆ పూట ఆయన తిట్టినవన్నీ విడివిడిగా, ఎవరిది ఏ బాధో అడిగి తెలుసుకున్నాను.

అదే వారంలో ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది.

కాలిన దాన్ని రైతులే ట్రాక్టరు మీద మేడ్చల్ పక్కన ఉన్న రిపేరు షెడ్డుకు చేర్చారు. అక్కడ అప్పటికే కాలినవి వరసకట్టి ఉన్నాయి. మా ఇంజనీరుగారు రోజూ షెడ్డుకు ఫోను చేసేవారు. చేయడమంటే, "ఎప్పుడిస్తారండీ? ఇంకెప్పుడిస్తారు? మీవల్ల నా ప్రాణాలు పోతున్నాయి!" అని అరిచి, పెట్టేసి, తల పట్టుకునేవారు. నేను ఊరికి "ఇంకా కాలేదంట" అని చెప్పేదాన్ని. ద్రాక్ష కోతకొచ్చే కాలం. పటేలుకు తోట ఉంది, పోతే నష్టం, కానీ తట్టుకోగలడు. అరుగు మీద కూర్చునే వాళ్ళవి బీన్సు, టమాట, ఆకుకూరల మళ్ళు. నీళ్ళు అందకపోతే ఆ పంటే పోతుంది, పెట్టుబడితో సహా.

ఒకనాడు పటేలు తిట్టలేదు. అదే నాకు భయం వేసింది. "బిడ్డా, నీ మాట మంచిగనే ఉన్నది. కని మాటతోని మడి తడుస్తదా?" అని మెల్లగా పెట్టేశాడు.

సాయంత్రం నేరుగా, మా యాప్రాల్‌లోనే ఉండే డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాను. చెట్లకు నీళ్ళు పోస్తోంది. "మేడమ్, మీ కసరత్తు వల్ల ఏం లాభం? ఆయన బాధ ఇప్పుడు నాకూ పట్టుకుంది. ఇద్దరం బాధపడుతున్నాం, కరెంటు మాత్రం రాలేదు" అన్నాను.

ఆమె పైపు కింద పెట్టింది. "తియ్యగా మాట్లాడటమే దయ అని నేను ఎప్పుడు చెప్పాను? అవతలివాళ్ళకు ఏం కావాలో వినడానికి చెవి ఖాళీ చేసుకోమన్నాను. విన్నావు. ఇంక చెయ్యి పెట్టు. నీ చేతిలో ఏముంది?"

"ఫోనుంది" అన్నాను ఏడుపుమొహంతో.

"అయితే ఫోనే" అంది, మళ్ళీ నీళ్ళు పోయడంలో పడిపోయింది.

ఆ మర్నాడే ఊరు మా ఆఫీసు మీదికి వచ్చింది.

ట్రాక్టరు చప్పుడు వినిపించి కిటికీలోంచి చూస్తే ట్రాలీ నిండా మనుషులు. ఆడవాళ్ళ చేతుల్లో కొడవళ్ళు, మగవాళ్ళ భుజాల మీద తువాళ్ళు. లోపలికి వచ్చి గేటుకు లోపలివైపునుంచి వాళ్ళే ఒక పెద్ద తాళం వేశారు. "ట్రాన్స్‌ఫార్మరు వచ్చేదాక ఎవ్వరు బయటికి వోయేది లేదు!" అని అరిచారు. లైన్‌మన్ అన్న వెనక గోడ దూకబోయి, లుంగీ కట్టుకున్న ఇద్దరు పెద్దమనుషుల చేతుల్లోకి సరిగ్గా దిగాడు. వాళ్ళు ఆయనను మర్యాదగా తీసుకొచ్చి చెట్టు కింద కూర్చోబెట్టి బీడీ ఇచ్చారు. మా ఇంజనీరుగారు తెల్లకాగితంలా అయిపోయి నా టేబులు పక్కన నిలబడ్డారు.

"ఎవరమ్మా ఈడ ఫోనెత్తేది?"

అదే గొంతు. గోడలోంచి వచ్చే గొంతు. జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. నేను తలుపు పైభాగం వైపు చూస్తున్నాను, మీసాలు అక్కడ కనబడతాయని. ఎవరూ కనబడలేదు. చూపు దించాను. ఇంకా దించాను. నా భుజందాకా వచ్చే ఒక బక్కపలుచని మనిషి, తెల్లని ధోవతి, మెడ చుట్టూ గొంతుకు పట్టు వేసిన మఫ్లరు, మీసం ఊసే లేదు.

నవ్వు ఎక్కడినుంచి తన్నుకొచ్చిందో తెలియదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. లాభం లేదు. భుజాలు ఎగురుతున్నాయి, కళ్ళల్లో నీళ్ళు. మా ఇంజనీరుగారు "అయ్యో అమ్మా, ఇప్పుడా!" అని కళ్ళు మూసుకున్నారు.

"ఏంది, ఏం నవ్వుతున్నవ్?" అన్నాడు పటేలు. కిటికీ అద్దం అదిరింది.

"ఏం లే పటేలా... గొంతు గంత పెద్దగున్నది... మనిషేమో..." అని చేయి ఎంత ఎత్తులో చూపించాలో తెలియక గాలిలో తిప్పాను.

కొడవళ్ళు కదలడం లేదు. అప్పుడు ముందువరసలో ఉన్న ఒక నడివయసు ఆవిడ కిసుక్కుమంది. బీన్సు గురించి వెనకనుంచి గుర్తుచేసే గొంతు ఆమెదే. "నిజమే గద! గా గొంతు ఆయనకు యాడికెళ్ళి వస్తదో మాకు గూడ తెల్వదు!" అంది. అంతే, ఎవరో దారం తెంపినట్టు అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. చెట్టు కిందనుంచి లైన్‌మన్ అన్న నవ్వు అన్నిటికన్నా పైన వినిపించింది.

పటేలు కోపంగా ఉండాలని చాలా ప్రయత్నం చేశాడు పాపం. మూతి వణికింది. "నేనేమో పండ్లూడిన ముసల్దానివనుకున్న" అన్నాడు చివరికి. "గింత చిన్నపిల్లవని తెలిస్తే గంతగనం తిట్టకపోదును."

అంతలో ఫోను మోగింది. అందరూ దాని వైపు చూశారు. "ఎత్తు, ఎత్తు" అన్నాడు పటేలు ఉదారంగా. "మా లొల్లి మాది, మందికి కరెంటు వద్దా?"

ఎత్తాను. ఏదో కాలనీ నుంచి ఒకాయన. ఫ్యాను తిరగడం లేదట. నన్ను, నా ఉద్యోగాన్ని, నన్ను ఉద్యోగంలో పెట్టినవాళ్ళను వరసగా తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తిట్లు బయటికి వినిపిస్తున్నాయి. పటేలు మొహం ఎర్రబడింది. నా చేతిలోంచి రిసీవరు లాక్కున్నాడు.

"ఎవడ్రా నువ్వు? ఆడపిల్లను పట్టుకోని గిట్లనేనా మాట్లాడేది? తిట్టెటందుకు ఈడ మేం పొద్దటిసంది లైన్ల ఉన్నం! ఫ్యానుకేనా నీ లొల్లి? ఇసనకర్ర లేదా ఇంట్ల?"

ఠపీమని పెట్టేశాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం తల అడ్డంగా ఊపాను. "అట్ల కాదు పటేలా. ముందుగాల్ల ఆగాలె. ఆయన మంచిగుండాలె అనుకోవాలె. తర్వాత ఎత్తాలె."

"గదే చేస్తున్నవా నువ్వు ఇన్నిరోజులు? నన్ను గూడ మంచిగుండాలె అనుకున్నవా?"

"రోజు అనుకున్న."

ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. మళ్ళీ ఫోను మోగింది. "నేను చూస్త" అన్నాడు. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో అనుకుని, రిసీవరు ఎత్తి, తనకున్న మొత్తం గొంతుతో అరిచాడు. "చెప్పు తమ్మీ! తిన్నవా!"

అవతల పెట్టేసిన చప్పుడు అందరికీ వినిపించింది. మళ్ళీ ఆ మనిషి ఆ రోజు ఫోను చేయలేదు.

నవ్వులు కాస్త సద్దుమణిగాక నాకు డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. చేతిలో ఉన్నది ఫోను. "సార్, నేనొకసారి షెడ్డుకు చేస్తాను" అన్నాను.

"చేసి ఏం లాభమమ్మా? రోజూ నేను చేయట్లేదా?" అన్నారు ఇంజనీరుగారు. అయినా నంబరు తిప్పాను. గది నిండా మనుషులు, కిటికీ నిండా తలకాయలు, అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఏంది!" అన్నాడు షెడ్డు గుమాస్తా. "అయినప్పుడు అయితదని జెప్పిన గద!"

నేను ఆగాను. ఆయన వెనక సుత్తి దెబ్బలు, ఎవరో కేకలు. ఆయన గొంతు బొంగురుపోయి, మాట మాటకూ గీరుకుపోతోంది. "అన్నా, గొంతు మొత్తం వోయినట్టున్నది. పొద్దటిసంది ఎంతమందితోని మాట్లాడినవో ఏమో" అన్నాను.

చాలాసేపు సుత్తి చప్పుడే వినిపించింది. తర్వాత, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు, వేరే గొంతుతో.

చెప్పాను. ఆయన ఇక ఆగలేదు. గౌడవెల్లి నుంచి సైకిలు తొక్కుకుంటూ వస్తాడట. రేకుల కింద ఆ ఎండలో, నూనె వాసనలో, అన్ని ఊళ్ళవాళ్ళూ తననే తిడతారట, ఏదో తనే వాటిని కాల్చినట్టు. టిఫిను మూత తీసేలోపల ఫోను మోగుతుందట. పటేలు నా ఎదురుగా నిలబడి 'అడుగు, అడుగు' అని చేతులు ఊపుతున్నాడు. ఆగమని అరచెయ్యి చూపించి వింటూనే ఉన్నాను. చివరికి ఆయనే అడిగాడు.

"మీది ఏ సెక్షను అంటివి? షామీర్‌పేట దిక్కుదేనా? అరె, మీది మొన్ననే అయిపోయింది గదమ్మా! నా టేబుల్ ముంగట్నే ఉన్నది. దాని మీదనే నా టిఫిన్ డబ్బ పెట్టుకుంటున్న."

"అన్నా! మరి చెప్పలేదేంది?"

"చెప్పనిస్తే గద! మీ సారు ఫోన్ చేస్తడు, 'ఎప్పుడిస్తరు, ఎప్పుడిస్తరు' అని ఒర్రుతడు, టక్కున వెట్టేస్తడు. అయిపోయింది సార్ అనే మాట నా నోట్లనే ఉంటది!"

గదిలో వినని వాళ్ళు లేరు. అన్ని తలలూ ఒక్కసారి ఇంజనీరుగారి వైపు తిరిగాయి. ఆయన చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ, తర్వాత మొహం. కొడతారేమోనని నేను లేచి నిలబడ్డాను. పటేలు ఆయన దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులతో భుజాలు పట్టుకున్నాడు.

"సారూ, నువ్వు గూడ మా అసోంటోడివే!" అని గట్టిగా వాటేసుకున్నాడు.

ఇక ఆ తర్వాత జరిగినదంతా జాతరే. గేటు తీద్దామంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ యాదికి లేదు. "మేమే ఏసినం, మేమే ఇరుక్కున్నం" అని ఆడవాళ్ళు నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డారు. లైన్‌మన్ అన్న బీడీ పారేసి, పనిముట్ల సంచి తెచ్చి, తనను బంధించిన తాళాన్ని తనే పగలగొట్టి, ఊరివాళ్ళను విడుదల చేశాడు. పటేలు నన్నూ ట్రాక్టరెక్కమన్నాడు. "నువ్వు లేకపోతే గా షెడ్డాయన మళ్ళ ఉల్టా మాట్లాడితే?"

నేను ఫోను వైపు చూశాను. ఇంజనీరుగారు వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. "నువ్వు వెళ్ళమ్మా. ఫోను నేను ఎత్తుతాను" అన్నారు. తల దించుకునే అడిగారు. "అదేదో మనసులో అనుకోవాలన్నావు, ఏమిటది?"

చెప్పాను. ఆయన కోస్తా యాసలో ఒకసారి అని చూసుకున్నారు.

ట్రాలీలో నేను ఎట్లా ఎక్కానో తెలియదు, ఎవరో చేతులు పట్టి లాగారు. షామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఎగిరెగిరి పడుతూ, దుమ్ము తింటూ, ఆడవాళ్ళు పాడుతుంటే చప్పట్లు కొడుతూ పోయాను. షెడ్డులో గుమాస్తా మమ్మల్ని చూసి ముందు తన టిఫిను డబ్బా తీసి చంకలో పెట్టుకున్నాడు, తర్వాత ట్రాన్స్‌ఫార్మరు చూపించాడు. గొలుసు కప్పీతో ఎత్తి ట్రాలీలో పెడుతుంటే పటేలు ఆయన పక్కన చేరి, మిరియాల పాలు ఎట్లా కాచుకోవాలో వివరంగా చెప్పాడు. గొంతు పోయినవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ.

ఊరికి చేరి, దాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, తీగలు కలిపేసరికి పొద్దు వాలుతోంది. ఆ పూట త్రీఫేజు ఇంకా కాసేపు ఉంది. లైన్‌మన్ అన్న స్విచ్చు మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరిగి అరిచాడు. "అందరు ఒక్కసారే మోటర్లు పెట్టిన్రంటే మళ్ళ కాలుతది! ఒక్కొక్కరే! ముందుగాల్ల ఎవరిది?"

అందరూ పటేలు మొహం చూశారు. ఎప్పుడూ ముందు ఆయనదే అని నాకు అప్పుడే అర్థమైంది. ఆయన తన ద్రాక్షతోట వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత బీన్సు ఆవిడ వైపు చెయ్యి చూపించాడు.

"ఆమెది ఏయుండ్రి. నాది ఆఖరుకు."

"గట్లెట్ల పటేలా?" అంది ఆమె బెదిరిపోయి.

"ఏయుమన్న గద! మళ్ళ మనసు మారుతది, జల్దీ ఏయుండ్రి!"

మోటరు గురగురమంది. పైపు రెండుసార్లు దగ్గింది, గాలి వదిలింది, బురద కక్కింది. అందరం వంగి చూస్తున్నాం. ఉన్నట్టుండి తెల్లటి నీళ్ళు గుప్పుమని మా అందరి మీదా పడ్డాయి. ఆవిడ కెవ్వున అరిచి ఆ నీళ్ళల్లోకి దూకింది, దూకుతూ నన్నూ లాగింది. తర్వాత ఇంకో మడిలో మోటరు, ఇంకో అరుపు. ఒక్కో పైపు తెరుచుకున్నప్పుడల్లా ఊరంతా అటు పరుగెత్తడం, తడవడం, మళ్ళీ ఇంకోవైపు పరుగు. లైన్‌మన్ అన్న స్తంభం దగ్గర నిలబడి "ఒక్కొక్కటి, ఒక్కొక్కటి" అని అరుస్తూ తనూ ఎగురుతున్నాడు. పటేలు ధోవతి పైకి దోపుకుని కాలువ గట్టు మీద చిన్నపిల్లవాడిలా గెంతుతున్నాడు. ఆయన తోటకు నీళ్ళు అన్నిటికన్నా చివర పారాయి. అప్పటికి త్రీఫేజు ఎంతోసేపు లేదు. ఆయన ఒక్క మాటా అనలేదు.

పిల్లలూ, ఇదంతా నా కసరత్తు వల్లే జరిగిందని నేను చెప్పను. షెడ్డు మేస్త్రీలు రిపేరు చేయకపోతే నా మంచిమాటలతో బల్బు కూడా వెలిగేది కాదు. ఆ సాధన నిలకడగా సాగిందనీ అనను. మానేసిన వారం మళ్ళీ పళ్ళు బిగుసుకునేవి. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైతే డాక్టరమ్మ చెప్పిన నాలుగు రకాల మనుషుల్లో మొదటి రకం దగ్గరే ఆగిపోయేదాన్ని. పటేలూ మారిపోలేదు, ఆ మర్నాడే మామూలుగా తిట్టాడు. మా ఇంజనీరుగారు మాత్రం షెడ్డుకు ఫోను చేసినప్పుడు అవతలివాళ్ళు మాట పూర్తిచేసేదాకా ఆగడం నేర్చుకున్నారు. ఆగలేనప్పుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవారు. నాకు తెలిసిందల్లా ఒకటే. రిసీవరు ఎత్తే ముందు ఆగే ఆ ఒక్క క్షణం ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు సంతోషాన్నిచ్చింది. ఎవరో చెప్పారని చేసిన పని, ఎప్పుడు నాదైపోయిందో తెలియదు.

ఆ సాయంత్రం కరీంనగర్ రోడ్డు మీద నన్ను బస్సెక్కించడానికి సగం ఊరు వచ్చింది. కొంగు నిండా ద్రాక్షపళ్ళు పోశారు. తల నుంచి కాళ్ళదాకా నీళ్ళు కారుతున్నాయి, చెప్పుల్లో బురద, జడలో బీన్సు ఆకులు. బస్సు మెట్ల మీద నిలబడితే కింద మడుగు కట్టింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, రోడ్డు పక్క దుమ్ము లేస్తోంది. కండక్టరు నన్ను కిందినుంచి పైదాకా చూసి, కిటికీలోంచి బయటికి వంగి ఆకాశం చూసి, మళ్ళీ నన్ను చూశాడు.

"యాడ తడిసినవమ్మా? వాన లేదు గద?"

"వాన కాదన్నా" అన్నాను, ఒక ద్రాక్షగుత్తి ఆయన చేతిలో పెడుతూ. "కరెంటొచ్చింది!"